గొర్రెపిల్లల కాపలా ఖర్చు

ఉదయగిరి,
నవంబరు 20

అన్నయ్యకు,

క్షేమసమాచారాలు చివర్లో రాస్తాను, ముందు పని. ఫోన్ చేస్తే "చూద్దాంలే పాపా" అని పెట్టేస్తావు. కాగితమైతే చివరిదాకా చదవక తప్పదని ఉత్తరం రాస్తున్నాను.

నేను హెడ్మాస్టరుగా ఉన్న ఈ హైస్కూలుకు ఈ ఏడు మామూలు గ్రాంటు కాకుండా అదనంగా కొంత నిధి వచ్చింది. పేదింటి పిల్లలు, వలసపోయే ఇళ్ల పిల్లలు చదువు మానకుండా చూడటానికి వాడుకోమన్నారు. ఎలా వాడాలో పేరెంట్స్ కమిటీ తేల్చుకోవాలి. కమిటీ చైర్మన్ రాజమోహన్ గేటు దగ్గర ఆర్చి కట్టిద్దామని పట్టుబట్టాడు. "మేడమ్, రోడ్డున పొయ్యేవాడికి గూడా ఇది బడి అని తెలియాల గదా" అన్నాడు. "లోపల ఉండాల్సిన పిల్లలే రోడ్డున పడి పోతుంటే, పొయ్యేవాడికి తెలిసి ఏం లాభం?" అన్నాను. చివరికి నా మాటే నెగ్గింది. నోరు నాయనది కదా, ఆ మాత్రం నెగ్గకపోతే ఎట్లా.

నీకు తెలియనిది కాదు. ఫిబ్రవరి వచ్చేసరికి ఈ కొండ వైపు గడ్డి ఎండిపోతుంది. గొర్రెల మందలు కాలవల కిందికి దిగుతాయి. కోసిన మళ్లలో ఎరువు కోసం మీ రైతులు మందలు కట్టించుకుంటారు. పెద్దవాళ్లతో పాటు పిల్లలూ పోతారు. తిరిగి వచ్చేసరికి కొందరికి చదివింది మరుపు, కొందరికి చదువే మరుపు. అందుకని మందలు తిరిగి వచ్చేదాకా నాలుగు నెలలకు రెండు గదుల్లో హాస్టల్ పెడుతున్నాం. మంచాలు, పెట్టెలు, వంటమనిషి, సాయంత్రం పాల్ సారు లెక్కల క్లాసు అన్నీ ఆ నిధిలోంచే.

నీ సంగం పొలంలో ఏటా మంద కట్టే పెంచలనరసయ్య కూతురు చైత్ర మా బడిలో పదో తరగతి. మార్చిలో పబ్లిక్ పరీక్ష. మందలు తోలే ఇళ్ల నుంచి ఇక్కడ ఇంతవరకు ఒక్క ఆడపిల్ల కూడా పది పాసవలేదు. ఈ పిల్ల పాసవుతుంది, నాకు నమ్మకం ఉంది. రెండుసార్లు వాళ్లింటికి వెళ్లాను. "మాదేముండాది మేడమ్, ఆత్మకూరు పెద్దాయన బయానా ఇచ్చినాడు, పోవాల" అన్నాడు తండ్రి. ఆ పెద్దాయన ఎవరో తెలిసి నాకు తల కొట్టేసినట్టయింది.

చైత్రను బడిలో వదిలి వెళ్లమని నువ్వు ఒక్క మాట చెప్పు. నువ్వు చెబితే మిగతా మందల వాళ్లూ వింటారు.

ఇక్కడ మేమంతా క్షేమం. వదినను అడిగానని చెప్పు.

నీ చెల్లెలు
రేణుక

*

ఆత్మకూరు,
డిసెంబరు 3

చి.ల.సౌ. రేణుకాదేవికి అన్న చంద్రమోహన్ ఆశీస్సులు.

ఉత్తరం అందింది. మీ వదిన ప్రమీలమ్మ పైకి చదివి వినిపించింది. "మీ ఇంట్లో అందరికీ ఆర్డర్లు వెయ్యడమే వచ్చు" అని నన్ను కూడా కలిపి తిట్టింది.

ఆర్చి వద్దని తప్పు చేశావు. నేనూ నాలుగు రాళ్లు వేసేవాణ్ణి, మధ్యలో "నారాయణయ్య గారి జ్ఞాపకార్థం" అని నాయన పేరు పడేది. పది కాలాలు నిలబడేదాన్ని కాదని ఎప్పుడు ఊడ్చుకుపోతుందో తెలియని హాస్టల్ పట్టుకున్నావు. ఆరుబయట పుట్టి ఆరుబయట పెరిగిన పిల్లలు నీ గదుల్లో రెండు రోజులుంటారు, మూడో రోజు గోడ దూకుతారు. కందకు లేని దురద కత్తిపీటకెందుకమ్మా? వాళ్ల నాయనకు లేని దిగులు నీకెందుకు?

అయినా అడిగావు కాబట్టి చేశాను. పెంచలనరసయ్యను పిలిపించాను. "ఒరే, ఆ పిల్లను బడిలో వదిలిపెట్టి రా. లేదంటే ఈ ఏడు మందను ఇంకోడి పొలంలో కట్టుకో" అన్నాను. తల గోక్కుని "అట్నే అన్నా" అన్నాడు. ఇంకేదో అనబోయాడు కానీ అప్పుడే ఎరువుల కొట్టు మనిషి వచ్చాడు, నేను అటు వెళ్లిపోయాను. మిగతా ఇద్దరు మందల వాళ్లకూ కబురు పంపాను. ఇక్కడ నా మాటకు ఎదురు లేదు, నువ్వు నిశ్చింతగా ఉండు.

పిల్లలు నిలిస్తే నీ గొప్ప, గోడ దూకితే నా మాట నిజం. రెండింట్లో ఏదైనా నాకు సంతోషమే.

అన్న
చంద్రమోహన్

*

ఉదయగిరి,
ఫిబ్రవరి 9

అన్నయ్యా,

గోడ ఎవరూ దూకలేదు!

మందలు వెళ్లి వారం దాటింది. పద్నాలుగు మంది పిల్లలు హాస్టల్లో ఉన్నారు. మొదటి రోజు మంచాలు వదిలి అందరూ వరండాలో చాపల మీద పడుకున్నారు, అంతవరకు నువ్వు చెప్పింది నిజం. సరే, చాపలే వేయించాను. ఇప్పుడు మంచాల మీద పుస్తకాలు పడుకుంటున్నాయి, పిల్లలు కింద పడుకుంటున్నారు. నాకేం, చదివితే చాలు.

చైత్ర తన పెట్టె తానే మోసుకుని వచ్చింది. వాళ్లమ్మ పోలేరమ్మ గేటు దాకా వచ్చి, లోపలికి రాకుండా నిలబడి, కూతురి జడ విప్పి మళ్లీ వేసి వెళ్లింది. పాల్ సారు చైత్ర గురించి "మేడమ్, ఈ పిల్లకు లెక్క చెప్పడం కాదు, ఆపడం కష్టం" అంటున్నాడు. ఆదివారం వంటమనిషి ఫోన్లో అమ్మానాన్నలతో మాట్లాడుకోనిస్తున్నాం.

రాజమోహన్ ఇప్పుడు హాస్టల్ తన ఆలోచనే అని ఊళ్లో చెప్పుకుంటున్నాడట. చెప్పుకోనీ. పత్రిక వాళ్లు వచ్చి ఫోటో తీశారు. అందులో అతనే ముందు ఉన్నాడు, నేను ఒక చెవి మేరకు కనిపిస్తున్నాను.

అన్నయ్యా, నీ మీద ఇరవై ఏళ్లుగా ఉన్న చిన్నాచితకా కోపాలన్నీ ఈ ఒక్క పనితో కొట్టేశాను. ఇంతకీ మంద వాళ్లు ఎలా ఉన్నారు? చైత్ర అడుగుతోంది.

రేణుక

*

ఆత్మకూరు,
ఫిబ్రవరి 20

రేణుకాదేవికి ఆశీస్సులు.

సంగం వైపు కోతలు ముందే మొదలయ్యాయి. ఈసారి కాలవ నీళ్లు సమయానికి వచ్చాయి, గింజ బాగుంది. ధర మాత్రం ఎప్పటిలాగే దళారి చేతిలో ఉంది. మీ వదినకు మోకాళ్ల నొప్పి తగ్గలేదు. నెల్లూరులో చూపిస్తే నడవమన్నారు, నడిస్తే నొప్పి అంటోంది.

మంద బాగానే ఉంది. చైత్రను దిగులు పెట్టుకోవద్దని చెప్పు. పరీక్ష అయ్యేదాకా ఆ పిల్లను ఫోన్ల దగ్గరికి పోనివ్వకు, చదువు పాడవుతుంది. బాగా చదువుతోంది కదా? అంతే కావాల్సింది.

మేడ మీద గదికి సున్నం వేయించాము. వేసవి సెలవులకు రా.

చంద్రమోహన్

*

ఉదయగిరి,
ఫిబ్రవరి 27

అన్నకు,

మంద బాగానే ఉందని రాశావు. ఎంత బాగుందో నా కళ్లతో చూసి వచ్చాను.

ఆదివారం చైత్ర అమ్మతో మాట్లాడింది. సోమవారం పొద్దున పెట్టె ఉంది, పిల్ల లేదు. ఎక్కడికి పోతుందో నాకు తెలుసు. తొలి బస్సు ఎక్కి ఆత్మకూరులో దిగాను, బస్సు మారి సంగం వెళ్లాను. నీ ఇంటికి రాలేదు. రాబుద్ధి కాలేదు.

నీ పొలం గట్టు మీద వల కట్టిన దడి పక్కన కర్ర పట్టుకుని నిలబడి ఉంది. దడి లోపల గొర్రెపిల్లలు. "ఎందుకొచ్చేసినావే?" అన్నాను. "మా నాయన రొండ్రోజులు అన్నం తిన్లా మేడమ్. అమ్మ నన్ను ఏమన్లా. ఏమన్నా అనుంటే ఉండిపోయేదాన్ని" అంది.

విషయం పోలేరమ్మ చెప్పింది. మొగుడూ పెళ్లామూ పగలు పెద్ద గొర్రెల వెనక మేతకు పోవాలి. నెల నిండని గొర్రెపిల్లలు అంత దూరం నడవలేవు, వాటిని దడిలో వదిలి ఎవరో ఒకరు కాపలా ఉండాలి. ఇన్నేళ్లూ ఆ పని చైత్రది. ఈసారి చైత్ర హాస్టల్లో ఉంది. మిట్టమధ్యాహ్నం ఊరకుక్కలు దడి తెంపి లోపలికి దూరాయి. ఏడు గొర్రెపిల్లలు చచ్చిపోయాయి. "పెద్దాయన గట్టిగా చెప్పినాడు, ఎదురు చెప్పలేకపోతిమి. అప్పుడే చెప్పుంటే ఈ అగసాట్లు లేకపోవును" అంది పోలేరమ్మ. నన్ను తిట్టలేదు. చెంబుతో మంచినీళ్లిచ్చింది.

అన్నా, అది జరిగింది ఫిబ్రవరి పదిహేనున. నువ్వు నాకు ఉత్తరం రాసింది ఇరవైన. గింజ గురించి రాశావు, సున్నం గురించి రాశావు. ఫోన్ల దగ్గరికి పోనివ్వకు అన్నావు! గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందంటారు, నేను నిన్ను నమ్మాను.

నన్ను నేను కూడా తిట్టుకుంటున్నాను. మంచాలు కొన్నాను, పెట్టెలు కొన్నాను, పళ్లపొడి దాకా కొన్నాను. ఈ పిల్ల మంద వెంట పోయి అక్కడ ఏం పని చేస్తుందని ఎవర్నీ అడగలేదు. ఇంట్లో అన్నం వండిపెట్టేవాళ్లు లేక వెంట తీసుకుపోతారనుకున్నాను. కబురు మిగతా మందలకూ పాకింది. మూడు రోజుల్లో ఆరుగురు తల్లులు వచ్చి పిల్లల్ని తీసుకుపోయారు. పరీక్షలకు మూడు వారాలు కూడా లేవు.

రేణుకాదేవి

*

ఆత్మకూరు,
మార్చి 1

రేణుకకు,

ఆత్మకూరు బస్టాండులో దిగి నా గడప తొక్కకుండా పోయావు. డిపో దగ్గర టీ కొట్టువాడు చూసి చెప్పాడు. మీ వదిన రెండు రోజులుగా నాతో మాట్లాడటం లేదు. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు ఆమె కోపం కూడా నా మీదే.

దాచిన మాట నిజం. పరీక్ష అయిపోయేదాకా మీ చెవిన పడకూడదనుకున్నాను. పొలం నాది, మాట నాది, ఆ కుక్కలకు అన్నం పడేసేది కూడా నా పాలేర్లే. నష్టం కట్టిస్తానంటే పెంచలనరసయ్య వద్దన్నాడు. "మీరు మంచికే చెప్పినారు గదన్నా" అన్నాడు. అప్పటినుంచి ఆ పొలం వైపు పోవాలంటే నాకు కాళ్లు రావడం లేదు. ఇది నీకు తప్ప ఎవరికీ చెప్పుకోలేదు.

నీ తిట్లు అయిపోతే ఇది విను. మూడు మందలూ ఒకే కాలవ మీద ఉన్నాయి. నా కళ్లం పక్కన రేకుల షెడ్డు ఖాళీగా ఉంది. మూడు మందల గొర్రెపిల్లల్నీ అందులో చేరిస్తే ఇద్దరు మనుషులు చాలు. అనంతసాగరంలో ఆదిశేషమ్మ అని ఒకామె ఉంది, గొర్రెలున్న ఇల్లే, ఇప్పుడు మంద లేదు. ఆమె, ఆమె ఆడబిడ్డ కూలికి వస్తారు. పని పిల్లలది కాకుండా పోతే పిల్లలు బడికి వస్తారు. ఇంతే సంగతి.

కూలి నేను ఇస్తాను. నీ నిధిలో ఎట్లాగూ ఆ ఖర్చు రాయలేవు. బడి డబ్బుతో గొర్రెల్ని కాయించావంటే నవ్విపోతారు. నువ్వు ఊ అంటే రేపే మనిషిని పంపుతాను.

చంద్రమోహన్

*

ఉదయగిరి,
మార్చి 5

అన్నయ్యా,

షెడ్డు ఇవ్వు. ఆదిశేషమ్మను పిలిపించు. కూలి మాత్రం నువ్వు ఇవ్వొద్దు.

నువ్వు ఇస్తే ఈ ఏటితో సరి. నీకు పంట పోయిన ఏడు, నీకు నా మీద అలక వచ్చిన ఏడు ఆగిపోతుంది. ఇది దానం అనిపించుకోకూడదు. మంచం చదువు ఖర్చు అయినప్పుడు, పిల్ల చేతిలోంచి ఆ కర్ర తీసుకునే మనిషి కూలి చదువు ఖర్చు ఎందుకు కాదు? అది బడి ఖర్చుగా నిలబడితే నా తర్వాత వచ్చే హెడ్మాస్టరు కూడా ఎవర్నీ బతిమాలకుండా చేయగలడు.

నిన్న కమిటీ కూర్చుంది. రాజమోహన్ తల పట్టుకున్నాడు. "మేడమ్, గవర్నమెంటు డబ్బుతో గొర్రెల్ని కాయించినామని రాస్తే మనల్ని గూడా గొర్రెలంటారు" అన్నాడు. ఇంగ్లీషు టీచరు రూబీ నా మేలు కోరే, "హాస్టల్ ఆయాలని రాద్దాం మేడం, ఎవరికీ అనుమానం రాదు" అంది. నేను ఒప్పుకోలేదు. ఉన్నది ఉన్నట్టే రాయించాను: "వలస వెళ్లే కుటుంబాల పిల్లలు బడిలో ఉండేందుకు, వారు చేయవలసిన గొర్రెపిల్లల కాపలా పనికి ఇద్దరు పెద్దలను పెట్టి కూలి ఇవ్వడమైనది." సంతకాలు పెట్టడానికి కాసేపు ఎవరూ ముందుకు రాలేదు. మొదటి సంతకం నేను పెట్టాను. పాల్ సారు రెండోది పెట్టాడు. తర్వాత ఒకరి వెనక ఒకరు పెట్టారు, చివర్న రాజమోహన్ కూడా.

పై ఆఫీసరుకు ఫోన్ చేసి చెప్పాను. "అమ్మా, ఆడిట్లో దొరికిపోతారు" అన్నాడు. దొరకడానికి నేనేం దాచడం లేదన్నాను.

చైత్రను వెంటనే పంపించు. ఈసారి గట్టిగా చెప్పి కాదు. ఆదిశేషమ్మ కర్ర పట్టుకున్నాక, వాళ్లమ్మ చూసి సరేనన్నాక పంపించు.

రేణుక

*

ఆత్మకూరు,
మార్చి 14

రేణుకాదేవికి ఆశీస్సులు.

పిల్ల చేరిందని ఫోన్లో చెప్పావు. మిగతా కథ ఇది. ఆదిశేషమ్మ వచ్చీ రాగానే నా షెడ్డు చూసి ముక్కు మీద వేలేసుకుంది. "దీంట్లో మనిషి గూడా ఉండలేడు, పసిగొర్రెలు ఉంటాయా?" అని నా పాలేర్ల చేత కడిగించింది. కుక్కల్ని తరమమని నన్నే కేకేసింది. నా కళ్లంలో నన్ను కేకేసిన మనిషి నాయన తర్వాత ఈమే.

పోలేరమ్మ ఒక పూటంతా షెడ్డు ముందు కూర్చుని చూసింది. సాయంత్రం లేచి, "ఇంక పోమ్మా" అంది కూతురితో. పెంచలనరసయ్య బస్టాండు దాకా వచ్చి ఎక్కించాడు. మిగతా రెండు మందల పిల్లలు కూడా అదే బస్సులో వచ్చి ఉంటారు. లెక్క చూసుకో.

ఊళ్లో మాత్రం "చంద్రమోహన్ చెల్లెలు గొర్రెలకు బడి పెట్టింది" అని నవ్వుతున్నారు. మొదటిసారి విని నేనూ నవ్వాను. రెండోసారి అన్నవాణ్ణి షెడ్డు దగ్గరికి తీసుకుపోయి చూపించాను. తర్వాత వాడు అనలేదు.

పరీక్షలు బాగా రాయమని ఆ పిల్లకు నా మాటగా చెప్పు. వద్దులే, నా మాట అని చెప్పకు.

చంద్రమోహన్

*

ఉదయగిరి,
ఏప్రిల్ 26

అన్నయ్యా,

చైత్ర పాసైంది. లెక్కల్లో క్లాసులో అందరికన్నా ఎక్కువ. పాల్ సారు మిఠాయిలు పంచి తనే సగం తిన్నాడు. వెళ్లిపోయిన ఆరుగురిలో ఐదుగురు తిరిగి వచ్చారు, వాళ్ల పరీక్షలూ అయ్యాయి. ఆరో పిల్లవాడి కోసం జూన్‌లో నేనే వెళ్తాను. చైత్ర ఇంటర్లో చేరతానంటోంది. ఆత్మకూరు కాలేజీలో ఏ గ్రూపులు ఉన్నాయో కనుక్కో.

ఇంకో మాట. ఆడిట్ వాళ్లు వచ్చి వెళ్లారు. ఆర్చి కట్టి ఉంటే ఒక్క ప్రశ్న అడిగేవాళ్లు కాదు. మంచాలు చూసి మెచ్చుకున్నారు. కాపలా కూలి దగ్గర ఆగి, "విద్యార్థులకు సంబంధం లేని ఖర్చు, హెడ్మాస్టరు జీతం నుంచి వసూలు చేయాలి" అని రాశారు. వచ్చే సోమవారం పది గంటలకు నెల్లూరులో విచారణ. రాజమోహన్ నిన్న ఇంటికి వచ్చి, "ఒక్క ముక్క మార్చి రాసుకుందాం మేడమ్, ఆయా అని. నేను సంతకం పెట్టిస్తా అందరి చేతా" అన్నాడు. పాపం, నా మంచికే. వద్దన్నాను. అది మారిస్తే వచ్చే ఏడు మళ్లీ చైత్రల చేతికి కర్ర వస్తుంది.

భయం లేదని అబద్ధం చెప్పను. ఇన్నేళ్ల సర్వీసులో నా పేరు మీద ఒక్క రిమార్కు లేదు. అయినా వెళ్తాను, ఆ ఖర్చు చదువు ఖర్చే అని వాళ్ల చేత రాయించుకునే వస్తాను. ఈసారి కాకపోతే ఇంకా పైకి వెళ్తాను. వచ్చే ఏటి ప్లానులో కాపలా కూలిని మొదటి పద్దుగా పెట్టి, కమిటీ చేత ఈపాటికే సంతకాలు చేయించాను.

నువ్వు డబ్బు పంపకు. పంపితే తిప్పి పంపుతాను.

రేణుక

*

ఆత్మకూరు,
ఏప్రిల్ 29

రేణుకకు,

ఈ ఉత్తరం మీ ఊరి బస్సు డ్రైవరు చేతికి ఇచ్చి పంపుతున్నాను, రేపటికల్లా అందాలి.

డబ్బు పంపడం లేదు. నేనే వస్తున్నాను.

గొర్రెపిల్లలకూ చదువుకూ సంబంధమేంటని వాళ్లు నిన్ను అడుగుతారు. నువ్వు కాగితాలు చూపించు. జవాబు నేను చెప్తాను. మనిషిని పెట్టకుండా, నా పలుకుబడితో బెదిరించి ఆ పిల్లను బడికి పంపింది నేను. నా పొలంలో ఏడు చచ్చాయి, పిల్ల బడి వదిలి వచ్చింది. తర్వాత బడి మనిషిని పెట్టింది. ఒక్కటీ చావలేదు, పిల్ల పరీక్ష రాసింది. చూసినవాణ్ణి, చేసినవాణ్ణి నేను. కావాలంటే రాసి సంతకం పెట్టి ఇస్తాను.

"అంతమంది ముందు మీ పరువేం గాను" అంది మీ వదిన. తర్వాత తనే నా తెల్లచొక్కా ఇస్త్రీ చేయించింది.

కారులో పెంచలనరసయ్య, పోలేరమ్మ కూడా వస్తున్నారు. ఆ రోజు అతను ఏదో చెప్పబోతే నేను వినకుండా వెళ్లిపోయాను. ఆ సంగతి కూడా ఆఫీసర్ల ముందు చెప్తాను. అసలు వినాల్సింది వాళ్లు కాదు, పెంచలనరసయ్య. అతను నా పక్కనే కూర్చుని ఉంటాడు.

పది గంటలకు అన్నారు కదా, తొమ్మిదిన్నరకల్లా నెల్లూరు ఆఫీసు గేటు దగ్గర ఉంటాము. నువ్వు టిఫిను తినకుండా బయల్దేరకు.

అన్న
చంద్రమోహన్